చలికాలం పొద్దున్నే ఆగిపోయిన బస్సులు: ఒక బయోడీజిల్ కేసు

డీజిల్ పంపులు, ఇంజెక్టర్ల సర్వీసింగ్ నా వృత్తి. దాంతోపాటు నాలుగైదు సంస్థల బండ్ల నిర్వహణ కూడా చూస్తుంటాను. ఈ కేసులో సంస్థ పేరు, ఊరు, సరఫరాదారుల వివరాలు తీసేశాను. బండ్ల సంఖ్య కొద్దిగా మార్చాను. మిగతాదంతా నా నోట్‌బుక్‌లో రాసుకున్నదే. బయోడీజిల్ (నూనెల నుంచి తయారుచేసే ఇంధనం) వాడుతున్న, వాడాలనుకుంటున్న సంస్థలు ఇప్పుడు పెరుగుతున్నాయి. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలో ఒక విద్యాసంస్థ. మొత్తం 26 బస్సులు: తొమ్మిది బీఎస్-3, పదకొండు బీఎస్-4, ఆరు బీఎస్-6. బీఎస్ అంటే భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం, అంకె పెద్దదైతే కొత్త తరం బండి అని. క్యాంపస్‌లోనే నేల మీద స్టీలు ట్యాంకు, దానికో పంపు. జనరేటర్‌కు కూడా అందులోంచే పోస్తారు. ఏప్రిల్‌లో యాజమాన్యం ఒక సరఫరాదారుతో మాట్లాడుకుని, మామూలు డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపి వాడటం మొదలుపెట్టింది. దీన్నే బీ20 అంటారు. లీటరుకు కొన్ని రూపాయలు మిగులుతాయి, పొగ తగ్గుతుంది అని వాళ్ల ఆలోచన. రెండూ నిజమే. నన్ను ముందే అడిగినా వద్దనేవాణ్ణి కాదు.

ఇక్కడ ఇంధనాల గురించి కొంచెం చెప్పాలి. బంకులో మనం పోయించుకునేది హైస్పీడ్ డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 రకమే వస్తోంది, అందులో సల్ఫర్ 10 పీపీఎంకు (పది లక్షల్లో పది భాగాలకు) మించకూడదు. బాయిలర్లలో, కొలిమిల్లో, నెమ్మదిగా తిరిగే పాత ఇంజిన్లలో వాడే లైట్ డీజిల్ ఆయిల్ వేరు, అది బస్సుకు పనికిరాదు. బంకు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం అందులో ఏడు శాతం దాకా బయోడీజిల్ ఉండొచ్చు. అంతకు మించి ఇరవై శాతం దాకా ఉన్న మిశ్రమాలకు ఐఎస్ 16531, విడి బయోడీజిల్‌కు ఐఎస్ 15607 ఉన్నాయి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం. అంటే ఈ సంస్థ చేసింది వింత పనేమీ కాదు.

జూన్‌లో ఒకసారి ఫిల్టర్లు వరసగా మూసుకుపోయాయి. బయోడీజిల్‌కు పాత మురికిని కరిగించే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు, పైపులకు పట్టిన జిడ్డును కడిగి ఫిల్టర్‌కు చేరుస్తుంది. నేను అదే చెప్పాను. రెండు విడతలు ఫిల్టర్లు మార్చాక సమస్య పోయింది. ఈ జూన్ సంగతి గుర్తుపెట్టుకోండి, డిసెంబర్‌లో మమ్మల్ని దారి తప్పించింది ఇదే.

సమస్య

డిసెంబర్ మూడో వారంలో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశారు. మూడు రోజుల్లో ఏడు బస్సులు దారిలో ఆగిపోయాయి, వాటిలో రెండు పిల్లలతో ఉన్నప్పుడు. తల్లిదండ్రుల ఫోన్లతో ఆయన చాలా టెన్షన్‌లో ఉన్నారు. నేను వెళ్లి బండ్లు చూసేసరికి పదకొండయింది. ఏ బండిలోనూ లోపం కనిపించలేదు. స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచాయి, పికప్ బాగానే ఉంది, స్కానర్‌లో మాత్రం రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందే ఒత్తిడి) తగ్గినట్టు పాత కోడ్లు ఉన్నాయి.

అసలు ఆధారం ఒక సీనియర్ డ్రైవర్ మాటల్లో దొరికింది. "సార్, పొద్దుగాల స్టార్ట్ అయితనే ఉంది. ఊరు దాటేదాక మంచిగనే పోతది. చెరువు కట్ట ఎక్కంగనే గుంజుడు ఆగిపోతది. పది పదిహేను నిమిషాలు ఆగి మళ్ల కొడితే నడుస్తది. తొమ్మిది దాటినంక అసలు ఏం రంధి లేదు" అన్నాడు. ఆ మాటలను ఉన్నవున్నట్టు రాసుకున్నాను కానీ, వాటికి ఇవ్వాల్సిన విలువ ఆ రోజు ఇవ్వలేదు.

మొదటి వారంలో చేసినవి

ఫిల్టర్లు మార్చాం. జూన్‌లో పనిచేసింది కాబట్టి అందరికీ మొదట తట్టింది అదే. సరఫరాదారు కూడా "బయోడీజిల్ ట్యాంకు కడుగుతోంది సార్, కొన్నాళ్లకు సర్దుకుంటుంది" అన్నాడు. కొత్త ఫిల్టర్ వేసిన బండి రెండో రోజు పొద్దున్నే మళ్లీ ఆగింది. అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. మురికి కరగడం అనేది మొదటి కొన్ని లోడ్లలో జరిగే పని. ఎనిమిది నెలల తర్వాత, అదీ మధ్యలో ఆరు నెలలు ఏ గొడవా లేకుండా నడిచాక, మళ్లీ మొదలవదు.

తర్వాత డీజిల్ లైన్లోకి ఎయిర్ పడుతోందని అనుమానించాం. రెండు బస్సుల్లో ఫీడ్ పంపులు మార్చి, పైపు జాయింట్లన్నీ బిగించాం. అందులో ఒక బస్సు తర్వాతి రెండు రోజులు బాగా నడిచింది. దొరికిందనుకున్నాం. నిజానికి ఆ రెండు రోజులూ మబ్బు పట్టి రాత్రి చలి తగ్గింది. ఆ సంగతి వారం తర్వాత ఉష్ణోగ్రతలు తేదీల వారీగా పక్కన రాసుకుని చూస్తేగానీ తెలియలేదు.

డ్రైవర్లలో కొందరు డీజిల్‌లో కిరోసిన్ కలిసిందన్నారు. దీన్ని తేల్చడం తేలిక, డెన్సిటీ చూస్తే చాలు. కిరోసిన్ డీజిల్ కంటే తేలిక, కలిస్తే డెన్సిటీ తగ్గాలి. హైడ్రోమీటర్‌తో చూసి 15 డిగ్రీలకు సరిచేస్తే మాకు వచ్చింది 848 (ఘనపు మీటరుకు కిలోలు). ఆ లోడ్ డీజిల్ బిల్లు మీద ఉన్న డెన్సిటీ 830. అంటే తగ్గకపోగా పెరిగింది.

అక్కణ్నుంచి నా ఆలోచన మారింది. బయోడీజిల్ డెన్సిటీ 860 నుంచి 900 మధ్య ఉంటుంది. వీళ్లకు వచ్చినది 875. 830 ఉన్న డీజిల్‌లో 875 ఉన్న బయోడీజిల్‌ను 20 శాతం కలిపితే 839 రావాలి. 848 రావాలంటే దాదాపు 40 శాతం కలవాలి. మైలేజ్ రిజిస్టర్ కూడా తీసి చూశాం. లీటరు లెక్కన బయోడీజిల్‌లో శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ కాబట్టి, బీ20లో మైలేజ్ తేడా రెండు శాతంలోపే ఉండాలి. ఇక్కడ మూడు దాటింది. బస్సు మైలేజ్‌ను డ్రైవర్, లోడు, రోడ్డు ఇంతకంటే ఎక్కువ మారుస్తాయి కాబట్టి దాన్ని నేను ఆధారంగా తీసుకోలేదు. డెన్సిటీని మాత్రం నమ్మాను.

ట్యాంకులో ఏం జరిగింది

సరఫరాదారు మోసం చేశాడని ఇన్‌ఛార్జి అనుకున్నారు. బిల్లులు లెక్కేస్తే కొన్నది సరిగ్గా 20 శాతమే. అప్పుడు ట్యాంకు పైభాగం నుంచి, అడుగు నుంచి విడివిడిగా శాంపిళ్లు తీయించాను. పైన 834, అడుగున 852.

కారణం కలిపే పద్ధతిలో ఉంది. ముందు బయోడీజిల్ దింపి, దాని మీద డీజిల్ పోసేవాళ్లు. బయోడీజిల్ బరువు. ఎండాకాలంలో రెండూ పల్చగా ఉండి పోసే ధాటికే కలిసిపోయాయి. చలిలో బయోడీజిల్ చిక్కబడి అడుగునే ఉండిపోయింది. ఒకసారి పూర్తిగా కలిస్తే ఈ రెండూ మళ్లీ విడిపోవు, కానీ ఇక్కడ అసలు కలవనే లేదు. పంపు పీల్చుకునేది అడుగు నుంచే. రిజిస్టర్‌తో పోల్చి చూస్తే, కొత్త లోడ్ దిగిన సాయంత్రం మొదట పోయించుకున్న బస్సులే మర్నాడు ఎక్కువగా ఆగాయి.

ఇంకో ప్రశ్న మిగిలింది. 40 శాతం ఉంటే మాత్రం బండి ఎందుకు ఆగాలి? అదే మిశ్రమం జూలైలో పోస్తే ఆగేది కాదు.

ఆగిన బస్సుల ఫిల్టర్లు రెండింటిని కోయించాను. ఒకదాని కాగితం మడతల్లో తెల్లగా, మైనంలాంటి పదార్థం. గోరువెచ్చటి నీళ్లున్న గిన్నెలో పెడితే కరిగిపోయింది. రెండోదాంట్లో దాంతోపాటు గోధుమరంగు జిగురు, వేడికి కరగలేదు, చెడు వాసన. ఇవి రెండు వేరువేరు జబ్బులు. కరిగేది చలి వల్ల పేరుకున్న బయోడీజిల్. కరగనిది నీటికీ ఇంధనానికీ మధ్య పెరిగే సూక్ష్మజీవుల పాచి. డిప్ రాడ్‌కు వాటర్ పేస్ట్ పూసి ట్యాంకులో దించితే అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లున్నట్టు రంగు మారింది. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే ఎక్కువ తేమ పడుతుంది. దసరా సెలవుల్లో సగం ఖాళీ ట్యాంకు అలాగే పడి ఉంది, లోపలి గాలిలోని తేమ రాత్రుళ్లు గోడలకు పట్టి కిందికి దిగింది.

చలికి పేరుకోవడం గురించి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. జనవరిలో కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది, పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె కట్టదు. నూనెను మిథనాల్‌తో చర్య జరిపి, గ్లిజరిన్ తీసేస్తే బయోడీజిల్ వస్తుంది. ఈ పనిలో నూనె చిక్కదనం తగ్గుతుంది కానీ దానిలోని కొవ్వు ఆమ్లాలు మారవు. పేరుకునే గుణమున్న నూనె నుంచి పేరుకునే బయోడీజిలే వస్తుంది. పామాయిల్ నుంచి, ముఖ్యంగా దానిలోంచి తీసిన గట్టి భాగం పామ్ స్టియరిన్ నుంచి చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మసకబారడం మొదలుపెడుతుంది. సోయా నుంచి చేసినదైతే సున్నా దగ్గర. ఐరోపాలో వాడే ఆవజాతి రేప్‌సీడ్ నూనెది ఇంకా కిందికి. సరఫరాదారును అడిగితే తనది పామ్ స్టియరిన్ సరుకని వెంటనే చెప్పాడు. దాచలేదు. మేం అడగలేదంతే.

నిర్ధారణకు ఐస్ బకెట్ పరీక్ష చేశాం. మూడు గాజు సీసాలు, ఒక థర్మామీటర్, ఉప్పు కలిపిన ఐసు. ట్యాంకు అడుగు శాంపిల్ 11 డిగ్రీల దగ్గర పాలు కలిపినట్టయింది. పై శాంపిల్ 6 దగ్గర. బంకు డీజిల్ 4 దాకా తేటగానే ఉంది. ఆ వారం ఆ ఊళ్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత 8, 9.

డ్రైవర్ మాటలన్నీ ఇప్పుడు అతికాయి. స్టార్ట్ అయ్యేంత డీజిల్ ఫిల్టర్ దాటి లైన్లో ముందే ఉంటుంది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కువ డీజిల్ అడుగుతుంది, పేరుకున్న మైనం రవ్వలు ఒక్కసారిగా ఫిల్టర్‌కు చేరి మూసేస్తాయి. పది నిమిషాలు ఆగితే ఇంజిన్ వేడికి ఫిల్టర్‌లోది కరుగుతుంది. మెకానిక్ వచ్చేసరికి ఎండ వచ్చి ఉంటుంది. ఆగినవన్నీ బీఎస్-4, బీఎస్-6 బండ్లే కావడానికీ ఇదే కారణం. కామన్ రైల్ ఇంజెక్టర్లను కాపాడటానికి వాటి ఫిల్టర్లు చాలా సన్నటి రంధ్రాలతో ఉంటాయి. పాత మెకానికల్ పంపు బండ్లలో రవ్వలు తప్పించుకుని పోయాయి.

తర్వాత కూడా పనిచేయనివి

కారణం తెలిశాక కూడా రెండు తప్పటడుగులు వేశాం.

చలికి పేరుకోకుండా చేసే ఒక అడిటివ్ తెప్పించి, పొద్దున్నే ట్యాంకులో పోయించాను. ఫలితం లేదు. రవ్వలు ఏర్పడేటప్పుడు వాటి పెరుగుదలను ఆపడమే ఆ మందు పని, ఏర్పడ్డవాటిని కరిగించడం కాదు. ఇంధనం వెచ్చగా, తేటగా ఉన్నప్పుడే కలపాలి. పైగా పామాయిల్ రకంలో గట్టి కొవ్వులు ఎంత ఎక్కువంటే, సరిగ్గా కలిపినా లాభం కొద్దిగానే ఉంటుంది.

రెండోది, వాడేసిన వంటనూనె నుంచి బయోడీజిల్ చేసే మరో సరఫరాదారు దగ్గరికి మారడం. ఈ ఆలోచన నాదే. హోటళ్లలో మళ్లీ మళ్లీ మరిగించిన నూనె మనుషుల కడుపులోకి పోకుండా బండ్లకు మళ్లడం ఎంతో మంచి పని. 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దీనికోసమే రూకో కార్యక్రమం మొదలుపెట్టింది, నూనెలో చెడు పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని పరిమితి పెట్టింది. కానీ ఆ శాంపిల్‌ను 20 శాతం కలిపి ఐస్ బకెట్లో పెడితే మేం ఆశించినంత తేడా రాలేదు. ఎందుకో తట్టడానికి ఒక రోజు పట్టింది. మన హోటళ్లలో, బజ్జీల బండ్ల మీద మరిగేది ఎక్కువగా పామోలిన్. వాడేసిన తర్వాత కూడా అది పామాయిల్ జాతే కదా! స్టియరిన్ రకం కంటే మెరుగు, అంతే.

ఆ శాంపిల్‌కు ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాను. మూడు మిల్లీలీటర్ల బయోడీజిల్‌ను 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో కలపాలి. పూర్తిగా మారిన బయోడీజిల్ అందులో కరిగిపోతుంది, మారకుండా మిగిలిన నూనె అడుగున చుక్కగా నిలుస్తుంది. ఇది పూర్తిగా కరిగింది. మొదటి సరఫరాదారు పాత లోడ్‌లో చుక్క నిలిచింది. మిథనాల్ విషం, ఆవిరి కూడా ప్రమాదమే. గాలి ఆడే చోట, చేతులకు తొడుగులతో మాత్రమే చేయాలి.

యాజమాన్యంలో ఒక పెద్దాయన "మన జిల్లాలో కానుగ చెట్లకు కొదవా, గానుగ ఆడించిన నూనె నేరుగా పోయకూడదా?" అని అడిగారు. ఆయన అడిగినదానికి ఆధారం ఉంది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ నూనెతో 2003లోనే కార్బన్ క్రెడిట్ డబ్బు సంపాదించారు. నెమ్మదిగా తిరిగే పంపుసెట్టు ఇంజిన్‌కు, వేడి చేసి ఇస్తే, కానుగ నూనె ఆడుతుంది. కానీ 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్, పచ్చి నూనెలది 30 పైమాటే. కామన్ రైల్ ఇంజెక్టర్ దాన్ని తుంపరగా చిమ్మలేదు, ముక్కుకు బొగ్గు కడుతుంది. ఆయనకు ఒక చెడిపోయిన ఇంజెక్టర్ చేతికిచ్చి చూపించాను.

కిరోసిన్ కలిపి పల్చన చేద్దామన్న సలహాకు మాత్రం అక్కడికక్కడే అడ్డు చెప్పాను. అది చట్టవిరుద్ధం. ఆ కిరోసిన్‌లోని సల్ఫర్ బీఎస్-6 బండి సైలెన్సర్‌లోని శుద్ధి పరికరాలను పాడుచేస్తుంది, పంపుకు కావలసిన జిడ్డుదనం కూడా పోతుంది.

పనిచేసినవి

మొదట ట్యాంకు ఖాళీ చేసి, మనుషులు దిగకుండానే కడిగించి ఆరబెట్టాం. అడుగున ఒక పక్కకు వాలు ఉండేలా కాళ్ల కింద ప్యాకింగ్ సరిచేసి, పల్లపు మూలలో డ్రెయిన్ కాక్ పెట్టించాం. వారానికోసారి నీళ్లు వదలడం, రిజిస్టర్‌లో రాయడం. పాచి పోవడానికి బయోసైడ్ ఒక్కసారి వాడాం. దాంతోనే సరిపోదు, నీళ్లు ఉన్నంతకాలం పాచి తిరిగి వస్తూనే ఉంటుంది.

కలపడం తిరగేశాం. ముందు డీజిల్, తర్వాత బయోడీజిల్, మధ్యాహ్నం ఎండలోనే, తర్వాత గంటసేపు పంపుతో కింది నుంచి పైకి తిప్పడం. మళ్లీ పై శాంపిల్, అడుగు శాంపిల్ తీస్తే తేడా ఒక పాయింటుకు మించలేదు.

ఏ బండికి ఎంత అన్నది కష్టమైన నిర్ణయం. బీఎస్-6 బస్సుల కంపెనీ మాన్యువల్ బీ7కు మించి ఒప్పుకోదు. దానికి తోడు నాకు ఇంకో భయం ఉంది. కొన్ని ఇంజిన్లలో మసి ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ చిమ్ముతారు. బయోడీజిల్ ఎక్కువ వేడి దగ్గరగానీ ఆవిరవదు, ఆవిరవకుండా మిగిలింది గోడల వెంబడి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఈ ఆరు బస్సుల్లో ఒకదానికి డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి కనిపించింది. అందుకే ఆరింటినీ బయోడీజిల్ నుంచి పూర్తిగా తప్పించి బంకుకు పంపాం. మిగతా ఇరవై బండ్లకు ఫిబ్రవరి నడుమ నుంచి అక్టోబర్ దాకా 10 శాతం, చలి నెలల్లో సున్నా. ఇరవై శాతానికి తిరిగి వెళ్లమని యాజమాన్యం అడిగింది. ఆ ట్యాంకు, ఆ సరుకుతో పొరపాటుకు కొంచెం చోటు ఉండాలని నేను పదితో ఆపాను. ఇక్కడ వేరే ఇంజినీర్ వేరేలా నిర్ణయించవచ్చు.

జనరేటర్‌కు విడి డ్రమ్ములు పెట్టి మామూలు డీజిల్ మాత్రమే పోయించాం. నెలల తరబడి కదలకుండా ఉండే ఇంధనంలో బయోడీజిల్ ఉంటే గాలి తగిలి పులిసినట్టయి, జిగురు, ఆమ్లాలు పుడతాయి. బస్సు ట్యాంకు వారంలో తిరుగుతుంది, జనరేటర్‌ది తిరగదు.

ఒక సందర్భంలో హెచ్‌వీఓ (హైడ్రోట్రీటెడ్ వెజిటబుల్ ఆయిల్) అనే మరో ఇంధనం గురించి కూడా చర్చ వచ్చింది. అవే నూనెలు, కానీ మిథనాల్ బదులు హైడ్రోజన్‌తో చర్య జరిపి ఆక్సిజన్‌ను తీసేస్తారు. వచ్చేది రసాయనికంగా డీజిల్ జాతిదే. సీటేన్ (ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) 70 దాటుతుంది, నిల్వ ఉంటుంది, తేమ పట్టదు, అణువుల ఆకారాన్ని మార్చి చలికి తట్టుకునేలా చేయవచ్చు. డెన్సిటీ 780 దగ్గర ఉంటుంది కాబట్టి మైలేజ్ కొద్దిగా తగ్గుతుంది. ఐరోపాలో బంకుల్లో దొరుకుతుంది. మన బంకుల్లో దొరకదు. ఈ జనరేటర్‌కు అది సరిగ్గా సరిపోయే ఇంధనం, దొరికిన రోజు మొదట చెప్పేది వాళ్లకే.

నేర్చుకున్నవి

"బయోడీజిల్ ఎంత శాతం?" అని అడిగే ముందు "ఏ నూనె?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న ఏప్రిల్‌లో అడిగి ఉంటే డిసెంబర్ ముందే తెలిసేది. ల్యాబ్ సర్టిఫికెట్‌లో అన్నీ సరిగ్గా ఉండి కూడా మన ఊరి జనవరికి పనికిరాని సరుకు ఉండొచ్చు.

నా వరకు పెద్ద పాఠం జూన్ సంగతి. ఒకసారి సరైన జవాబు దొరికితే అదే లక్షణం మళ్లీ కనిపించినప్పుడు మనసు పాత జవాబుకే పోతుంది. ఫిల్టర్ మూసుకుపోయిందని మాత్రమే చూశాను, దేనితో మూసుకుపోయిందో కోసి చూడలేదు. ఇప్పుడు మా షెడ్డులో తీసేసిన ప్రతి ఫిల్టర్‌నూ కోసి, ముక్కను గోరువెచ్చటి నీళ్లలో పెట్టి చూస్తున్నాం. ఐదు నిమిషాల పని.

డ్రైవర్ చెప్పినదానిలో టైమ్, చోటు, ఆగిన తర్వాత ఏమైంది అన్నీ ఉన్నాయి. రోగనిర్ధారణ మొత్తం అతనే చేసి ఇచ్చాడు. ఇప్పుడు బండి ఆగితే ముందు రాయమంటున్నది ఆ మూడే.

తర్వాతి చలికాలం ఒక్క బస్సూ ఆగలేదు. ఇన్‌ఛార్జి ఇప్పుడు ప్రతి లోడ్ నుంచి ఒక సీసా తీసి, తేదీ రాసి, రాత్రంతా ట్యాంకు పక్క గోడ మీద ఉంచుతారు. పొద్దున ఆరింటికి అది తేటగా ఉంటేనే పంపు తాళం తీస్తారు. మొన్న అక్టోబర్ ఆఖరున వచ్చిన పది శాతం శాంపిల్ ఐస్ బకెట్లో 7 డిగ్రీల దగ్గర మసకబారింది. రాత్రి చలి ఇంకా 16 దగ్గరే ఉంది, అయినా కొత్త లోడ్ ఆపేసి, ట్యాంకులో ఉన్నది నవంబర్ పదో తేదీలోపు ఖర్చయ్యేలా బస్సులకు పంచమని చెప్పాను.